తాళం లేని మాయాలోకం: కంప్యూటర్ ఆట కొనేముందు తెలియవలసిన సంగతులు

కంప్యూటర్ ఆటను సొమ్ము చెల్లించి కొన్నవాడికంటే సంతలో దొంగ ప్రతి తెచ్చుకున్నవాడే సుఖంగా ఆడుకున్న కాలం ఒకటి నడిచింది. కొన్నవాడు ఆడినంతసేపూ సీడీని డ్రైవులోనే ఉంచవలసి వచ్చేది. అట్టపెట్టె మీది పొడవాటి సంఖ్యను పదిలపరచుకోవలసి వచ్చేది. కొన్ని ఆటలకైతే ఇంటర్నెట్ ద్వారా కంపెనీ అనుమతి కూడా పొందవలసి వచ్చేది. దొంగ ప్రతి తెచ్చుకున్నవాడికి ఈ బాధలేవీ లేవు. తాళాన్ని ఎవరో ముందే విరగగొట్టి ఉంచేవారు.

ఈ విపరీతాన్ని గమనించి, అసలు తాళమే వేయకుండా ఆటను అమ్మి చూచిన సంస్థ ఒకటి పోలండు దేశంలో ఉన్నది. దాని అనుభవం మన పల్లెల కుటుంబాలకు రెండు విధాల పనికివస్తుంది. పిల్లలు ఆట కొనిపెట్టమని అడిగినప్పుడు ఏది కొనాలో, ఎలా కొనాలో తెలుస్తుంది. నెట్ ఉన్నా లేకపోయినా కొన్న వస్తువు చేతిలో మిగిలే మార్గం తెలుస్తుంది.

ఎటువంటి ఆటలివి?

ఇవి పాత్రధారణ ఆటలు. ఆడేవాడు ఒక వీరుడి పాత్రను స్వీకరిస్తాడు. ఆ వీరుడి బలం, నేర్పు, మంత్రశక్తి అంకెల రూపంలో ఉండి, ఆట సాగేకొద్దీ పెరుగుతాయి. చందమామ ధారావాహికలు చదివి పెరిగిన పెద్దలకు ఈ లోకం కొత్తదేమీ కాదు. శిథిలమైన కోటలు, మాంత్రికులు, శాపగ్రస్తులైన రాకుమార్తెలు, ఊరి చివర చెరువులో కాపురమున్న దయ్యాలు అన్నీ ఇక్కడా ఉంటాయి. అక్కడ వీరుడు ఏ దారి పట్టాలో రచయిత నిర్ణయించాడు, ఇక్కడ ఆడేవాడు నిర్ణయించుకోవాలి. తేడా అంతే. ఒక్కొక్క ఆట పూర్తి కావడానికి యాభై, నూరు గంటలు పట్టడం సాధారణం. కొన్నేళ్ల తరువాత మరొక దారిలో ఆడి చూద్దామనిపించే ఆటలివి. బీరువాలో దాచుకొన్న పుస్తకం లాగా ఇవి దీర్ఘకాలం చేతిలో ఉండాలి. కాబట్టి తాళం ప్రశ్న తక్కిన ఆటలకంటే వీటి విషయంలోనే ఎక్కువ ముఖ్యమైనది.

తాళాల చరిత్ర

మొదటి తాళాలు అమాయకమైనవి. 1988లో వచ్చిన ‘పూల్ ఆఫ్ రేడియన్స్’ అనే ఆట పెట్టెలో, ఒకదానిమీద ఒకటి తిరిగే అట్టచక్రం ఉండేది. ఆట మొదలుకాగానే తెరమీద వింత లిపిలో గుర్తులు కనిపించేవి. చక్రం తిప్పి వాటికి సరిపడే మాటను కనిపెట్టి టైపు చేస్తేనే ఆట ముందుకు సాగేది. చక్రం పోతే ఆట పోయినట్టే. తరువాత సీడీల కాలంలో సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ వంటి తాళాలు వచ్చాయి. డ్రైవులో ఉన్నది అసలు సీడీయా, నకలా అని ఇవి పరీక్షించేవి. సీడీ మీద గీత పడితే కొన్నవాడి సొమ్ము వృథా.

ఆ పిమ్మట తాళం చెవి కంపెనీ వారి దగ్గరే ఉండిపోయే పద్ధతి వచ్చింది. 2008లో వెలువడిన ‘స్పోర్’ అనే ఆటను మూడు కంప్యూటర్లకు మించి ఎక్కించుకోరాదన్నారు. కొన్నవారు అమెజాన్‌లో వేలకొలదిగా ఒంటి నక్షత్రం ఇచ్చి నిరసన తెలిపిన మీదట ఆ మూడును అయిదు చేశారు. 2010లో యూబీసాఫ్ట్ కంపెనీ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆడినంతసేపూ ఇంటర్నెట్ ఉండి తీరాలన్నది. ఆ ఏడాది మార్చిలో ఆ కంపెనీ సర్వర్ల మీద దాడి జరిగి అవి పనిచేయకపోయేసరికి, కొన్నవారు ఆడలేక ఊరకే కూర్చున్నారు. రోజుకు నాలుగుసార్లు సిగ్నల్ పోయే ఊళ్లో ఇటువంటి ఆటను కొనడమంటే ఏమిటో వేరే చెప్పనవసరం లేదు.

పాత తాళాల కథ కూడా అంతతో ముగియలేదు. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, సేఫ్‌డిస్క్ తాళాన్నీ, సెక్యూరామ్‌లోని కొన్ని రకాలనూ అందులో పనిచేయనీయకుండా మైక్రోసాఫ్ట్ వదిలివేసింది. కంప్యూటరు భద్రతకు ముప్పు తెచ్చే లోపాలు వాటిలో ఉన్నాయన్నది కారణం. న్యాయంగా కొన్న సీడీ, గీత పడకుండా పదిలంగా ఉన్న సీడీ కూడా, కొత్త కంప్యూటరులో ఉత్త పళ్లెమైపోయింది.

వార్సా సంతలో మొదలైన వ్యాపారం

మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ అనే ఇద్దరు స్నేహితులు 1994లో వార్సా నగరంలో సీడీ ప్రాజెక్ట్ అనే సంస్థను స్థాపించారు. పోలండులో కంప్యూటర్ ప్రోగ్రాములకు స్పష్టమైన చట్టరక్షణ కల్పించిన కాపీరైటు చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది. అంతవరకు అక్కడి వారపు సంతల్లో నకళ్లు బాహాటంగా అమ్ముడుపోయేవి. మన పట్టణాల బస్టాండు వీధుల్లో ఒకప్పుడు సినిమా సీడీలు అమ్మినట్టే అనుకోవచ్చును. చట్టం వచ్చినంత మాత్రాన అలవాటు పోదు. విదేశీ ఆటలను తెచ్చి న్యాయంగా అమ్మాలనుకొన్నవారికి అసలు పోటీ సాటి వర్తకులతో కాదు, సంతలోని దొంగ ప్రతితోనే.

ఆ పోటీలో వారు గెలిచిన తీరు గమనించదగినది. ‘బాల్డర్స్ గేట్’ అనే పెద్ద పాత్రధారణ ఆటను 1999లో పోలిష్ భాషలోకి పూర్తిగా తెచ్చారు. తెరమీది అక్షరాలను అనువదించి ఊరుకోలేదు, పియోత్ర్ ఫ్రొంచెవ్‌స్కీ వంటి ప్రసిద్ధ నటుల చేత మాటలు చెప్పించారు. పెట్టెలో పాతకాలపు తోలుపత్రాన్ని పోలిన పటం, నియమాల పుస్తకం, సంగీతపు సీడీ చేర్చారు. ఆట అయిదు సీడీల నిండా ఉండడం వలన దొంగ వర్తకుడికి కూడా నకలు చవకగా పడలేదు. కనీసం 3,000 ప్రతులైనా తీసుకోవాలన్న ఒప్పందానికి భయపడుతూ సంతకం చేసిన సంస్థ, తొలి రోజునే 18,000 ప్రతులను దుకాణాలకు పంపవలసి వచ్చింది.

దొంగ ప్రతికి అలవాటుపడిన జనం ఎక్కువ ధర పెట్టి ఎందుకు కొన్నారు? తాళానికి భయపడి మాత్రం కాదు. తమ భాషలో, తాము ఎరిగిన గొంతులతో, చేతికి నిండుగా ఒక వస్తువు దొరికింది కనుక కొన్నారు. మరొక రాష్ట్రపు బడిలో మరొక భాష చదువుకొంటూ ఇంట్లో తెలుగు నిలుపుకొంటున్న కుటుంబాలకు ఈ సంగతి వెంటనే బోధపడుతుంది. పోలిష్ మాట్లాడేవారు ప్రపంచమంతటా కలిపి సుమారు నాలుగు కోట్లు. 2011 జనగణన ప్రకారం మనదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. అయినా ఆ స్థాయి ఆట ఒక్కటి కూడా ఇలా నటుల గొంతులతో తెలుగులో వెలువడలేదు. జనసంఖ్య చాలక కాదు, మనవాళ్లు సొమ్మిచ్చి కొంటారన్న నమ్మకం అమ్మేవారికి ఇంకా కలగక.

విచర్ ఆటలు, తాళం పరీక్ష

ఇతరుల ఆటలు అమ్మిన ఆ సంస్థ తరువాత సొంత ఆటకు పూనుకొన్నది. ఆంద్జేయ్ సాప్కోవ్‌స్కీ అనే పోలిష్ రచయిత 1986లో ఒక పత్రికలో ప్రచురించిన కథతో మొదలైన ‘విచర్’ కథావళి అందుకు ఆధారం. కథానాయకుడు గెరాల్ట్. కూలి పుచ్చుకొని ఊరూరా తిరుగుతూ దయ్యాలను, భూతాలను వేటాడే వృత్తి అతనిది. మొదటి ఆట 2007లో వచ్చింది. మరుసటి ఏడాది, 2008లో, పాత ఆటలను తాళాలు తీసివేసి కొత్త కంప్యూటర్లలో పనిచేసేటట్టు సరిచేసి అమ్మే జీఓజీ అనే ఇంటర్నెట్ దుకాణాన్ని కూడా సంస్థ తెరిచింది.

అసలు పరీక్ష 2011 మే 17న జరిగింది. ఆనాడు ‘విచర్ 2’ రెండు రూపాల్లో విడుదలైంది. జీఓజీ దుకాణంలో తాళం లేకుండా, అంగళ్లలో అమ్మే పెట్టెలో మాత్రం సెక్యూరామ్ తాళంతో. తాళం లేని ప్రతే మొదట దొంగల పాలవుతుందని ఆ రంగంలోని పెద్దలు చాలామంది అనుకొన్నారు. జరిగింది వేరు. ఇంటర్నెట్‌లో దొంగచాటుగా వ్యాపించిన తొలి ప్రతి, తాళం విరగగొట్టిన పెట్టె ప్రతే. తాళాలు విప్పేవారికి అది పందెం వంటిది. తాళమే లేనిచోట వారికి పేరు రాదు. తాళం వలన నెమ్మదించిన ఆటతో అవస్థపడినవారు సొమ్మిచ్చి కొన్నవారే. ఆ నెల ముగియకముందే సంస్థ ఒక సవరణ విడుదల చేసి పెట్టె ప్రతులకు కూడా తాళం ఊడదీసింది.

ఇంతటితో కథ మంగళం పాడుకొన్నదనుకొంటే పొరపాటు. తాళం లేకపోతే దొంగతనం తగ్గిందని ఎవరూ చెప్పలేదు. ఆ ఏడాది చివర ఇవిన్‌స్కీయే తన అంచనాగా 45 లక్షల దొంగ ప్రతులు వ్యాపించాయన్నాడు. అంతేకాదు, జర్మనీలో దొంగ ప్రతులు దింపుకొన్నారన్న అనుమానంపై కొందరికి వకీళ్ల ద్వారా 900 యూరోలకు పైబడిన జరిమానా కోరుతూ ఉత్తరాలు వెళ్లాయి. తప్పు చేయనివారికి కూడా ఇటువంటి ఉత్తరం చేరవచ్చునని ఆటగాళ్లు గగ్గోలు పెట్టగా, 2012 జనవరిలో సంస్థ బహిరంగ లేఖ రాసి ఆ పని మానుకొన్నది. ముందు తలుపు తాళం తీసి, వెనుక తలుపు దగ్గర వకీలును కూర్చోబెట్టడం పొసగదని వారికి ఆలస్యంగానైనా తోచింది.

మూడవ ఆట ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ 2015 మే 19న జీఓజీ దుకాణంలో మొదటి రోజునుంచే తాళం లేకుండా వచ్చింది. 2023 మే నాటికి అన్ని యంత్రాలకూ కలిపి 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయినట్టు సంస్థ ప్రకటించింది. ఇందులో తాళం లేని ప్రతుల వాటా వేరే విషయం. ఆటపెట్టెలకు, ఇతర దుకాణాలకు పోయినవి కూడా ఇందులో ఉన్నాయి. ఉచితంగా దొంగిలించగల వస్తువును కూడా కోట్లమంది కొన్నారన్నది మాత్రం దీనివలన రూఢి అవుతుంది.

కొన్నామా, అద్దెకు తీసుకొన్నామా?

‘ది క్రూ’ అనే కార్ల పందెం ఆట 2014లో వచ్చింది. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ దాని సర్వర్లను మూసివేసింది. దానిని నిండు ధర పెట్టి కొన్నవారికి ఒంటరిగా ఆడుకొనే వీలు కూడా మిగలలేదు. ఆ ఏడాదే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. డిజిటల్ వస్తువును అమ్మేటప్పుడు, ఇస్తున్నది వాడుకొనే అనుమతి మాత్రమే అయితే ‘కొనండి’ అని ఊరకే రాయరాదని, ఆ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని దాని సారాంశం. 2025 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. కొన్నవాడు తన హార్డ్ డిస్కులో దాచుకొన్న ప్రతికి ఇటువంటి నియమంతో పనే లేకుండా చేయడం తాళం లేని అమ్మకంలోని అసలు సుగుణం. ఖచ్చితంగా చెప్పాలంటే అక్కడ కూడా మన చేతికి వచ్చేది అనుమతే. ఫైలు మన దగ్గర ఉండగా, దానిని తెరవడానికి ఎవరినీ అడగనవసరం లేనప్పుడు, ఆ అనుమతిని వెనక్కు లాక్కోవడం ఆచరణలో సాధ్యం కాదు. దుకాణాలు చేతులు మారుతూనే ఉంటాయి. జీఓజీ దుకాణాన్నే వ్యవస్థాపకుల్లో ఒకడైన కిచిన్‌స్కీ సొంతానికి కొంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటన వెలువడింది. అంతకుముందు దింపుకొని దాచుకొన్నవారి ప్రతులకు దానివలన వచ్చిన మార్పు ఏమీ లేదు.

తాళం లేదు కదా అని ఊరందరికీ పంచవచ్చునా అన్న సందేహం సహజం. పంచరాదు. గడియ పెట్టని ఇల్లు ఊరుమ్మడి ఇల్లు కాదు. మన కాపీరైటు చట్టం 1957లోని 52వ సెక్షను, న్యాయంగా ప్రోగ్రాము కలిగినవాడు అది పోకుండా, చెడకుండా అదనపు ప్రతి చేసి ఉంచుకోవడాన్ని అనుమతిస్తుంది. తాళం విరగగొట్టడం మాత్రం 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను కింద, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేస్తే నేరం. దొంగ ప్రతి అని తెలిసి వాడినా 63బి సెక్షను కింద జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల జరిమానా విధించే వీలున్నది. అదనపు ప్రతి చేసుకోవచ్చునని ఒక సెక్షను చెబుతుండగా, అది చేయడానికి వీలులేని తాళంతో కంపెనీ అమ్ముతుంది. ఈ చిక్కు తాళం లేని ఆటకు ఉండదు.

కొనే పద్ధతి

ముందుగా వయసు సంగతి. విచర్ ఆటలు పెద్దలకు ఉద్దేశించినవి. మూడవ ఆటకు ఐరోపాలో 18 ఏళ్ల గుర్తు ఉన్నది. నెత్తురు, నగ్న దృశ్యాలు ఉన్నాయి. రాక్షసుల కథే కదా అని బడిపిల్లల చేతికి ఇవ్వదగినవి కావు. చాలా ఆటల పుటల్లో వయసు గుర్తు ఉంటుంది. కొనే పెద్దలు దానిని చూడడం అవసరం.

కంప్యూటరు శక్తి రెండవది. ‘విచర్ 3’కు సుమారు 50 జీబీ స్థలం, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆఫీసు పనికి కొన్న లాప్‌టాప్‌లో అది నడవదు. అటువంటి యంత్రాలకు బాల్డర్స్ గేట్ వంటి పాత ఆటల సరిచేసిన కూర్పులు నప్పుతాయి. అవి జీఓజీలో తాళం లేకుండానే దొరుకుతాయి. అవసరమైన యంత్రం వివరాలు కొనే పుటలోనే రాసి ఉంటాయి.

సొమ్ము చెల్లించేటప్పుడు చాలామందికి కార్డు పనిచేయదు. కార్డులో లోపమేమీ ఉండదు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్, విదేశీ చెల్లింపులు మూసి ఉంటాయి. ఖాతాదారుడే బ్యాంకు యాప్‌లో గానీ బ్రాంచిలో గానీ చెప్పి తెరిపించుకోవాలి. పరిమితి కూడా పెట్టించుకొని, పని అయిన వెంటనే మళ్లీ మూయించడం మంచిది. బ్యాంకు విదేశీ మారకపు రుసుము అదనంగా వేసుకోవచ్చును. తొందరపడనివారికి పండుగ తగ్గింపుల్లో పాత ఆటలు చాలా చవకగా దొరుకుతాయి. ఆట నచ్చకపోయినా, నడవకపోయినా 30 రోజుల్లోగా సొమ్ము వాపసు కోరే సదుపాయాన్ని 2020 ఫిబ్రవరి నుంచి జీఓజీ కల్పించింది. ‘సగం ధరకే తాళం చెవి సంఖ్య’ అంటూ ఎవరో అమ్మే సంఖ్యలు, ‘ఉచితం’ అంటూ పిలిచే తెలియని సైట్లు వైరస్‌లకు నెలవులు. వాటి జోలికి పోరాదు.

అసలు జాగ్రత్త కొన్న తరువాత మొదలవుతుంది. ఆట పుటలో రెండు మార్గాలు కనిపిస్తాయి. దుకాణం వారి గెలాక్సీ అనే ప్రోగ్రాము ద్వారా ఎక్కించుకోవడం ఒకటి, ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్లను విడిగా దింపుకోవడం రెండవది. దాచుకోదలచినవారు రెండవదానినే ఎంచుకోవాలి. పెద్ద ఆట అనేక ముక్కలుగా వస్తుంది. ఒక్క ముక్క తక్కువైనా ఎక్కదు, కనుక అన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచాలి. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాకుతో 50 జీబీ దింపడానికి 25 రోజులు పడుతుంది. దానికంటే బళ్లారిలోనో హోసూరులోనో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న బంధువుల ఇంట్లో తన ఖాతాతో దింపుకొని, హార్డ్ డిస్కులో ఊరికి తెచ్చుకోవడం తేలిక. తాళం ఉన్న ఆటలు చాలావాటిని ఇలా మోసుకువచ్చినా, ఊళ్లో మళ్లీ నెట్ అడుగుతాయి. ఇది అడగదు. పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైలును పట్టదు. అటువంటప్పుడు దానిని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చుకోవాలి. మార్చేముందు అందులోని ఫొటోలు వేరేచోట పెట్టుకోవాలి, ఎందుకంటే మార్పుతో అన్నీ చెరిగిపోతాయి.

దింపినదానిని వెంటనే నెట్ ఆపి ఒకసారి ఎక్కించి చూడాలి. వాపసు గడువు దాటకముందే లోపం బయటపడుతుంది. నలుగురు కలిసి నెట్‌లో ఆడే భాగం ఉన్న ఆటల్లో ఆ భాగానికి మాత్రం ఇంటర్నెట్ తప్పదు. సవరణలు వస్తూ ఉంటాయి గనుక ఆరు నెలలకొకసారి పట్నం వెళ్లినప్పుడు కొత్త ఇన్‌స్టాలరు దింపుకొని, అది సరిగా పనిచేసిందని రూఢి అయ్యేదాకా పాతదానిని చెరపకుండా ఉంచుకోవాలి. ఆడి దాచుకొన్న స్థానాలు, అనగా సేవ్ ఫైళ్లు, ఇన్‌స్టాలరులో ఉండవు. విండోస్‌లో చాలా ఆటలు వాటిని డాక్యుమెంట్స్ ఫోల్డరులో పెడతాయి. కంప్యూటరు బాగుచేయించడానికి ఇచ్చేముందు ఆ ఫోల్డరును కూడా అదే డిస్కులోకి ఎక్కించుకోవాలి.